సప్పుడుకు చరిత్ర లేదా? డప్పు దిక్కు నుంచి జననాట్యమండలి

హాస్టల్ గదిలో ఒక రాత్రి ఎం.ఏ. చదివే తమ్ముడొకడు ఫోన్‌లో ఒక పాట పెట్టి మాకు వినిపించిండు. పాట అనేకంటె మీద పడడం అనాలె. రెండు నిమిషాలు నిండకముందే అయిపోయింది. డ్రమ్ములు తరుముతున్నయి, గిటారు కొరుకుతున్నది, ఒకడు ఊపిరి తీసుకోకుండ అరుస్తున్నడు. "దీన్ని హార్డ్‌కోర్ పంక్ అంటరన్నా. కోపానికి ఇంతకంటె మంచి సంగీతం లేదు. మన దగ్గర ఇట్లాంటి బ్యాండ్ ఒక్కటన్న ఎందుకు పుట్టలేదు?" అని అడిగిండు. మాకు వెంటనే జవాబు రాలేదు. రాకపోవడమే మమ్మల్ని చాన్నాళ్ళు గుచ్చింది. ఎందుకంటే మేము సిద్దిపేట దగ్గరి చంద్లాపూర్ మాదిగవాడలో పుట్టినోళ్ళం. పుట్టిన నాటి నుంచి విన్నది కొట్టుడే.

ఆ రాత్రి విన్న బృందం పేరు బ్యాడ్ బ్రెయిన్స్. పంక్ అనగానే లండన్, న్యూయార్క్‌ల తెల్లజాతి పిల్లలు, చింపిన బట్టలు గుర్తుకొస్తయి. ఆ పంక్‌ను ఇంకా వేగంగా, ఇంకా కర్కశంగా మార్చిందే హార్డ్‌కోర్. దాన్ని అంత వేగానికి తెచ్చిన మొదటి బృందాల్లో ఒకటి నలుగురు నల్లజాతి యువకులది. అమెరికా రాజధాని వాషింగ్టన్ ప్రాంతపు పిల్లలు వాళ్ళు. హెచ్.ఆర్. అని పిలిచే పాల్ హడ్సన్, అతని తమ్ముడు ఎర్ల్ హడ్సన్, గ్యారీ మిల్లర్, డారిల్ జెనిఫర్. మొదట జాజ్ వాయించిండ్రు, 1977 నాటికి పంక్‌లోకి వచ్చిండ్రు, 1980లో మొదటి రికార్డు వేసిండ్రు. సొంత ఊరి క్లబ్బులు తలుపులు మూసుకుంటే న్యూయార్క్ పోయిండ్రు. 1982లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బం కేసెట్ రూపంలోనే వచ్చింది. వాళ్ళను చూసి నేర్చుకున్న తెల్లజాతి బృందాలు పేరు తెచ్చుకున్నయి. ఇరవై ఏండ్లు పోయినంక, 2003లో జేమ్స్ స్పూనర్ అనే నల్లజాతి యువకుడు 'ఆఫ్రో-పంక్' అని ఒక డాక్యుమెంటరీ తీసి, ఈ సంగీతంలో మేమూ ఉన్నమని చెప్పుకోవలసి వచ్చింది. తాము ముందు వరుసలో ఉండి చేసిన దాంట్లో తాము ఉన్నమని రుజువు చేసుకోవలసిన గతి. ఇది మనకు కొత్త కథ గాదు.

ఇంకోమాట. దాన్ని సంగీతమని ఒప్పుకోని వాళ్ళు అన్న మాట ఒకటే, అది గోల అని. మా ఊర్ల డప్పును ఏమంటరు? సప్పుడు. సన్నాయిది మేళం, వీణది నాదం, మృదంగానిది లయ. డప్పుది మాత్రం సప్పుడు. సప్పుడు చేసినోనికి పేరుండదు, గురువుండడు, చరిత్ర ఉండదు. ఆ తమ్ముని ప్రశ్నకు మేము వెంటనే జవాబు చెప్పలేకపోవడానికి కారణం ఇదే. మన చెవులకు సుత వాళ్ళ మాటే అంటుకుంది. బ్యాండ్ ఉండె. దాని పేరు జననాట్యమండలి. దాని గొంతు గురించి చాలా మంది రాసిండ్రు. మేము దాని చేతుల గురించి రాయదలచుకున్నం.

చంద్లాపూర్ చిన్నకోడూరు మండలంలో ఉంటది. ఇప్పుడు ఊరి పేరు చెప్తే అందరూ రంగనాయక సాగర్ అంటరు. కాళేశ్వరం నీళ్ళు 2020 ఏప్రిల్ 24న ఆ గుట్ట చుట్టూ కట్టిన జలాశయంలోకి వచ్చినయి, ఆదివారం పూట జనం ఫోటోలు దిగడానికి వస్తరు. అంతకుముందు అది వానకు మొగులు దిక్కు చూసే మెట్ట ఊరు, పాత మెదక్ జిల్లాలో కరీంనగర్ జిల్లా అంచున. ఆ అంచు దాటితే సిరిసిల్ల. ఈ అంచు సంగతి ముందుముందు పనికొస్తది, గుర్తుపెట్టుకోండి.

మా తాత డప్పు కొట్టేటోడు. గుండ్రని కట్టె చట్రం, దాని మీద నానబెట్టి సాగదీసిన తోలు. చింతగింజల అంబలితో అతికిస్తరు. ఎడమ భుజానికి తగిలించుకొని కుడిచేతిల సిర్ర, ఎడమచేతిల సిటికెన పుల్ల పట్టుకుంటరు. సిర్రది దెబ్బ, సిటికెన పుల్లది దాని వెనుక సన్నగా పరుగెత్తే మాట. కొట్టే ముందర గడ్డిమంట మీద కాచాలె. ముసురు పట్టినా మబ్బు కమ్మినా తోలు వదులైతది, సప్పుడు చస్తది. మా తాత కాకను చెవితోని చూసేటోడు, వేలితో ఒకసారి కొట్టి 'ఇంకొంచెం' అనేటోడు. శ్రుతి చేయడం అంటె ఏందో విశ్వవిద్యాలయంల చదువుకున్నంకగానీ అది శ్రుతి అని మాకు తెలువలేదు.

దరువులు వేరువేరు. పెండ్లి దరువు వేరు, చావు దరువు వేరు, జాతరల బోనం ముందట కొట్టేది వేరు, సాటింపు దరువు వేరు. దూరం నుంచి విన్నా ఊర్ల ఏం జరిగిందో జనానికి అర్థమైతది. ఇక్కడ ఒక విషయం మీద ఆగాలె. డప్పు ఒక వాద్యమే కాదు, పత్రికలు, రేడియో లేనినాడు ఊరికి అదే వార్త. ఎవరు చచ్చిండ్రో, ఎన్నడు పన్ను కట్టాలెనో, దొర ఎవరిని పిలుస్తున్నడో అన్నీ డప్పుతోనే తెలిసేవి. అయితే ఆ వార్త కొట్టేటోనిది కాదు. నైజాం కాలపు వెట్టిలో మాదిగోళ్ళు దొరకు చెప్పులు కుట్టియ్యాలె, మోటకు తోలు బొక్కెనలు ఇయ్యాలె, పిలిచినప్పుడల్ల డప్పు కొట్టాలె. కూలి అడిగే హక్కు లేదు, రాను అనే హక్కు అసలే లేదు. దొర ఇంటి శుభానికీ చావుకూ ముందు నడిచేది డప్పు, ఆ ఇంటి గడప ఎక్కరానిదీ డప్పే. తెలంగాణ సాయుధ పోరాటం వెట్టిని ఎదిరించిందని మనం పాఠాల్లో చెప్పుకుంటం. వెట్టిలో డప్పు కూడ ఒక పని అని ఆ పాఠంలో రాదు.

ఆ పోరాటానికీ పాట ఉండె. ఆంధ్ర ప్రజానాట్యమండలి 1943లో మొదలైంది. నాజర్ బుర్రకథ, సుంకర, వాసిరెడ్డి రాసిన 'మా భూమి' నాటకం ఊరూరా తిరిగినయి. ఈ పక్క సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను పోరాటానికి పట్టుకొచ్చిండు. బండి యాదగిరి నైజాం రాజు మీద కట్టిన పాట ఇప్పటికీ నోళ్ళలో ఉంది. ఈ కళారూపాల పేర్లు చూడండి. బుర్రకథ, గొల్లసుద్దులు, వీధి భాగోతం. ఎవరెవరి ఇంటి కళనో పోరాటం అడుక్కున్నది. కులాల కళలు వచ్చినయి గాని కులాల ప్రశ్న వాటి వెంట రాలేదు.

జననాట్యమండలి మొదలు హైదరాబాద్‌లో. బి. నర్సింగరావు గజ్వేల్ దగ్గరి ప్రజ్ఞాపూర్ భూస్వామ్య కుటుంబంలో పుట్టినవాడు, చిత్రకారుడు, తర్వాత సినిమా దర్శకుడు. ఆయన పూనికతో ఆర్ట్ లవర్స్ అనే బృందం నడిచింది. తూప్రాన్‌లో దళిత కుటుంబంలో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు బుర్రకథలు చెప్పుకుంటూ ఆ బృందంలోకి వచ్చిండు. రిక్షా తొక్కేటోళ్ళ మీద పాట కట్టిండు. 1972లో ఆ బృందమే జననాట్యమండలి అయింది. ఉత్తరాంధ్ర నుంచి వంగపండు ప్రసాదరావు వచ్చి కలిసిండు. బ్రిటిషోళ్ళ మీద తిరగబడిన గదర్ పార్టీ పేరుతో పాటల పుస్తకం వేస్తే, జనం ఆ పేరును పాడేటోనికే పెట్టిండ్రు. ప్రజ్ఞాపూర్, తూప్రాన్ రెండూ పాత మెదక్ జిల్లావే. దొరల ఇంటి బిడ్డ, దళితవాడ బిడ్డ ఒక బృందంలో కలవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. దాన్ని మేము తక్కువ చేయడం లేదు.

ఎమర్జెన్సీ ఎత్తేసినంక మండలి ఊర్ల మీద పడ్డది. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. వెట్టి బంద్, దొరల కబ్జాలో ఉన్న భూములు పంచాలె, కూలి పెంచాలె. దొరలకు సాకలి, మంగలి పనులు బందైనయి. అదే ఏడాది అక్టోబర్‌లో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. పైన చెప్పిన అంచు ఇదే. కల్లోలిత ప్రాంతం అనే గీత మాకు ఉత్తరాన పడ్డది, గీతకు ఇవతల మా ఊర్లు ఉన్నయి. పాటకు తాలూకా సరిహద్దు తెలువదు. మా బాపు చెప్పేది ఇట్ల ఉండేది: 'మాటలు చెప్పేటోళ్ళు రాకముందే పాట వచ్చింది. పాట వచ్చిన రోజు మన డప్పును మనోళ్ళు గాని వాళ్ళు ముట్టిండ్రు.'

'ముట్టిండ్రు' అనే మాట బాపు ఎందుకు వాడిండో ఇప్పుడు ఆలోచిస్తే ఒళ్ళు జలదరిస్తది. బృందంలో అన్ని కులాల పిల్లలు ఉండె. గోచి, గొంగడి, కాళ్ళకు గజ్జెలు, చేతిల కట్టె. గొంగడి గొల్ల కురుమలది, డప్పు మాదిగలది, గోచి కూలి చేసేటోళ్ళందరిదీ. వేదిక మీద రెడ్డి ఇంటి పిల్లగాడు డప్పు భుజానికి తగిలించుకుంటే వాడలోని ముసలోళ్ళు నోరు తెరిచి చూసిండ్రు. శవం ముందట తప్ప ఊరి నడుమకు రాని తోలు, ఊరి నడుమ గద్దెక్కి కూసున్నది. ఏ తీర్మానమూ ఏ ఉపన్యాసమూ చేయలేని పని అది.

పనితీరును కొంచెం దగ్గరగా చూద్దాం. తెర లేదు, టికెట్ లేదు. ఖాళీ జాగ, లేదా ఒక బండి. మొదలు డప్పు కొడతరు. ఊరు అటు తిరుగుతది, ఎందుకంటే తరతరాలుగా డప్పంటె వార్త. వినుడు ఊరికి అలవాటు చేసింది దొరే, ఆ అలవాటును మండలి దొర మీదికే తిప్పింది. తర్వాత ఒకడు పాటెత్తుకుంటడు, మిగిలినోళ్ళు అందుకుంటరు, రెండోసారికి జనం సుత అందుకుంటరు. బాణీలు జనానివే. నాట్ల పాట, జోల పాట, ఏడుపు పాట. పాత బాణీ కాబట్టి నేర్చుకునే పని లేదు, కొత్త మాట ఒక్కటే నేర్చుకోవాలె. నడుమ పాట ఆపి గద్దర్ మాట్లాడుతుంటె డప్పు సన్నగ నడుస్తనే ఉంటది, మాట పెరిగిన కొద్దీ అదీ పెరుగుతది. మేము కేసెట్లలో విన్నదాన్ని బట్టి ఒకమాట ధైర్యంగా చెప్పగలం. ఆ ప్రదర్శనలో డప్పు పాటకు తోడుగా లేదు, పాటను నడిపించింది. సిర్ర ఆగితే గొంతు ఆగుతది. అయినా మేము చదివిన రాతల్లో గొంతు మీద పేజీలకు పేజీలు ఉన్నయి, డప్పు మీద 'జానపద వాద్యాల సాయంతో' అని ఒక ముక్క ఉంది. జానపదం అంటె ఎవరి పదం? వాద్యం పేరునే ఇంటిపేరుగా మోసిన డప్పు రమేష్ లాంటి విప్లవ కళాకారుల కొట్టుడు గురించి, ఏ దరువు ఏ పాటకు ఎట్ల కుదిరిందనే దాని గురించి ఒక్క మంచి పరిశోధన వచ్చినా మా కడుపు నిండేది.

కేసెట్ల సంగతి. బ్యాడ్ బ్రెయిన్స్ మొదటి ఆల్బం కేసెట్‌గా వచ్చినట్టే, మన దగ్గర కూడ ఈ పాటను గడపగడపకు మోసింది కేసెట్టే. పుస్తకానికి చదువు కావాలె, కేసెట్‌కు అక్కరలేదు. వాడలో ఒక్క టేప్ రికార్డర్ ఉంటే చాలు. ఒకదాని నుంచి ఇంకోటి ఎక్కించుకుంటె నాలుగో కాపీకి గొంతు గరగరమని వచ్చేది, డప్పు మాత్రం పోయేది కాదు. మా ఇంట్ల ఉన్న కేసెట్ మీద అమ్మవారి పాటల అట్ట ఉండె. లోపలున్నది వేరు. ఎవరన్న సర్కారోళ్ళు ఊర్లకు వచ్చిండ్రంటె అవ్వ దాన్ని బియ్యం గుమ్మిల దోపేది. మేము అక్షరాలకంటె ముందు నేర్చుకున్న దాపరికం అది.

1985 నాటికి ప్రభుత్వం 'ఆట, మాట, పాట బంద్' అన్నది. అంతకుముందే, 1984లో, గద్దర్ కెనరా బ్యాంకు ఉద్యోగం వదిలిండు. 85లో అజ్ఞాతంలోకి పోయిండు. ఒక ప్రభుత్వం పాటను శాంతిభద్రతల సమస్యగా చూసిందంటె ఆ పాట ఎంత పని చేసిందో వేరే చెప్పనక్కరలేదు. మళ్ళ 1990 ఫిబ్రవరి 18న నిజాం కాలేజి మైదానంలో మండలి బయటికొచ్చి ఆడితే జనం లక్షల్లో వచ్చిండ్రంటరు. ఆ వెసులుబాటు రెండేండ్లే. 1992 మేలో పీపుల్స్‌వార్ మీద నిషేధం వచ్చింది. 1997 ఏప్రిల్ 6న గద్దర్ మీద ఇంటి దగ్గరనే కాల్పులు జరిగినయి. ఒక తూటా చివరిదాక ఆయన ఒంట్లోనే ఉండిపోయింది. 1999 మేలో భువనగిరి పాటగత్తె బెల్లి లలితను ముక్కలు చేసి చంపిండ్రు. పాడేటోళ్ళకు ఈ నేల కట్టిచ్చిన కూలి ఇది.

ఇగ అసలు గుచ్చుకునే దగ్గరికి వద్దాం. మండలి పాటలో 'కూలన్న', 'రైతన్న' ఉన్నరు. డప్పు కొట్టే మాదిగోడు కూలన్న అయ్యిండు. కూలన్న అయినందుకు ఆయనకు కొంత బలం వచ్చింది నిజమే, పక్క కులపు కూలన్నతో కలిసి నిలబడ్డడు. కాని పాట అయిపోయి బృందం పోయినంక, అదే కూలన్న బాయి దగ్గర నీళ్ళు తాగనిచ్చిండా? వేదిక మీద డప్పు ముట్టిన చెయ్యి, తెల్లారి శవం ముందట అదే డప్పు కొట్టుమని మనల్నే పిలిచింది. వర్గం పేరుతో కులం మాట్లాడకుండా దాటేయవచ్చునని చాలా మంది అనుకున్నరు.

1985 జూలై 17 ఆ దాటవేతను ఆపింది. ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను అగ్రకుల భూస్వాములు చంపిండ్రు, ఆడవాళ్ళను చెరిచిండ్రు. కత్తి పద్మారావు, బొజ్జా తారకంల నాయకత్వంలో దళిత మహాసభ నిలబడ్డది. గద్దర్ కారంచేడు మీద పాట కట్టిండు. ఆ పాటలో దళితులు బాధితులుగా కాక తిరగబడ్డ వాళ్ళుగా వచ్చిండ్రు. మండలి పాటలో కులం పేరు పెట్టి మాట్లాడిన ఆ మలుపును మేము ఎక్కువ విలువ కట్టి చూస్తం. అదే కాలంలో, పీపుల్స్‌వార్ నిర్మాతల్లో ఒకరైన కె.జి. సత్యమూర్తి, మన శివసాగర్, పార్టీలో కులం ప్రశ్న లేపి బయటికొచ్చిండు. 1989లో 'నలుపు' పత్రిక వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో మళ్ళ ఎనిమిది మంది దళితులను చంపిండ్రు. ఈ ఆరేండ్లలో పాట నిలబడ్డ నేల మారింది.

ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పడం మాకిష్టం లేదు. మండలి కులాన్ని పట్టించుకోలేదని కొందరు ఒక్కమాటలో కొట్టేస్తరు. ఇంకొందరు మండలి లేకుంటె దళిత పాటే లేదంటరు. బ్యాడ్ బ్రెయిన్స్ సంగతే చూడండి. జాతి వివక్షను బద్దలుకొట్టిన వాళ్ళే స్వలింగ ప్రేమికుల మీద ద్వేషం కక్కిండ్రు, 1982లోనే తోటి బృందాలతో దాని మీద గొడవైంది. ఆ ద్వేషం వాళ్ళ సంగీతాన్ని తుడిచేయలేదు, వాళ్ళ సంగీతం ఆ ద్వేషాన్ని మాఫీ చేయనూ లేదు. మండలిని కూడ అట్లనే, రెండు కండ్లు తెరుచుకొని చూడాలె. మన ఆడవాళ్ళ సంగతి ఇంకా వెనుక ఉంది. మా వాడలో ఆడవాళ్ళు డప్పు ముట్టంగ మేము చూడలేదు. తోలు నానబెట్టింది, గడ్డి తెచ్చింది, కాకకు మంట వేసింది మా అవ్వనే.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. దాన్ని జనం దండోరా అన్నరు. దండోరా అంటె సాటింపు. దొర మాట సాటిన డప్పు, విప్లవం మాట సాటిన డప్పు, ఇగ తన మాట తాను సాటుకున్నది. మంద కృష్ణ, కృపాకర్ లాంటి వాళ్ళు పేరు చివర 'మాదిగ' అని తగిలించుకున్నరు. తిట్టుగా విన్న మాట పేరైంది, సిగ్గుపడ్డ తోలు జెండా అయింది. ఆ తర్వాత మన సాహిత్యంలో డప్పు ఎన్నిసార్లు మోగిందో లెక్కలేదు. 2000లో వచ్చిన జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' నవల దళిత కళాకారుల తరాలను చరిత్రకెక్కించింది, ప్రొఫెసర్లు చేయవలసిన పని నవలాకారుడు చేసిండు. వర్గీకరణ చట్టాన్ని 2004 నవంబర్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జిల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతదని చెప్పింది, 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో అమలులోకి వచ్చింది. ముప్పై ఏండ్ల పోరాటం, డప్పు చేతబట్టి చేసిన పోరాటం. ఈ విషయంల మాల మిత్రులతో మాకున్న పేచీ ఈ వ్యాసంలో తేలేది కాదు, దాన్ని పక్కన పెడుతున్నం.

మా తరం డప్పు పట్టింది తెలంగాణ ఉద్యమంలో. 2002 సెప్టెంబర్‌లో కామారెడ్డిలో మొదటి ధూంధాం జరిగింది. దాన్ని నడిపిన రసమయి బాలకిషన్ మా సిద్దిపేట దగ్గరి రావురూకుల మనిషి. ధూంధాం రూపం చూస్తే జననాట్యమండలి ఆనవాళ్ళు అడుగడుగునా కనబడుతయి. 2009 డిసెంబర్‌లో ఉస్మానియాలో మేము మొదటి ఏండ్ల విద్యార్థులం. అంతదాక హాస్టల్‌లో ఎవ్వరికీ చెప్పలేదు, మా ఇంట్ల డప్పు ఉందని. ఒకసారి స్నేహితులు ఊరికొస్తమంటె తాత డప్పును గడ్డివాములో దాచినోళ్ళం మేము. ఆర్ట్స్ కాలేజి ముందట ఎవరో డప్పు చేతికిచ్చి 'నీకొచ్చా?' అన్నరు. చేతులకు వచ్చింది. ఆ రోజు సాయంత్రం దాక కొడితే వేళ్ళు పగిలినయి. చుట్టూ గుమిగూడిన వాళ్ళు 'మన తెలంగాణ కళ' అన్నరు. మాకు సంతోషమూ అయింది, కడుపుల ఏదో తిప్పింది సుత. తెలంగాణ కళ అయితే మరి మాదిగ కళ ఎటు పోయింది?

రాష్ట్రం వచ్చినంక 2014లో సాంస్కృతిక సారథి ఏర్పడ్డది. ఐదువందలకు పైగా కళాకారులకు ఉద్యోగాలు వచ్చినయి. ఇంట్ల పొయ్యి వెలిగిన వాళ్ళను మేము తప్పుపట్టం, నెల జీతం అంటె ఏందో మొదటిసారి చూసిన కుటుంబాలు అందులో ఉన్నయి. కాని సర్కారు పథకాలు పొగిడే పాట కొట్టవలసి వచ్చినప్పుడు, సాటింపు మళ్ళ ఎవరి సాటింపు అయింది? 2023 ఆగస్టు 6న గద్దర్ చనిపోతే ప్రభుత్వం అధికార లాంఛనాలతో సాగనంపింది. ఆయన పాటను బంద్ చేసిన రాజ్యమే ఆయనకు వందనం చేసింది. 2025లో సర్కారు సినిమా అవార్డులను ఆయన పేరు మీద ఇచ్చింది. అవార్డు మీద గొంతు పేరు ఉంది.

ఆ తమ్ముని ప్రశ్నకు ఇంకో జవాబు పక్క రాష్ట్రంలో దొరికింది. 2018 జనవరిలో చెన్నైలో పా. రంజిత్ పూనికతో కాస్ట్‌లెస్ కలెక్టివ్ అనే బృందం వేదికెక్కింది. గానా పాట, ర్యాప్, ఎలక్ట్రిక్ గిటారు, వాటితోపాటు మన డప్పుకు తోబుట్టువైన పరై. వాళ్ళు పరైని గిటారు వెనుక కూసోబెట్టలేదు. ఆ వీడియో చూపిస్తే తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత 'మరి మనమెందుకు చెయ్యం?' అన్నడు.

పోయిన ఎండకాలం ఇద్దరం కలిసి చంద్లాపూర్ పోయినం, దరువులు రికార్డు చేద్దామని. వాడలో ఇప్పుడు కొట్టగలిగినోళ్ళు నలుగురే. పడుచు పిల్లలు కొందరు బ్యాండ్ మేళంలకు పోయిండ్రు, కొందరు డీజే పెట్టెలు కిరాయికిచ్చే బండ్ల మీద పోతున్నరు. చావులకు కొట్టమని ఒట్టు పెట్టుకున్నోళ్ళున్నరు, మేము వాళ్ళ పక్షమే. కాని మా పెద్దబాపు ఆ ఒట్టుకు ఒప్పుకోలేదు. ఆయన మాట ఇది: 'మీరు స్టేజీ మీద కొడితే కళ, నేను పీనుగ ముందట కొడితే సిగ్గా? దెబ్బ ఒక్కటే గదరా. రాను అనే దమ్ము నాకున్నది ఇప్పుడు, పైసలు చెప్పి పోతున్న. ఇయ్యకపోతే పోను.' తమ్ముడు వాదించిండు, చావు దరువు ఉన్నంతకాలం ఊరు మనల్ని ఆడనే ఉంచుతదని. పెద్దబాపు వినలేదు. మేము ఎవరివైపూ పూర్తిగ మాట్లాడలేకపోయినం. తాత కొట్టిన చావు దరువుల మీదనే కదా మా బాపు బడికి పోయింది, మేము ఈ వ్యాసం రాస్తున్నది.

రికార్డింగ్‌కు తాత డప్పు తీసినం. తోలు పగిలింది. కొత్త తోలు వేయించాలంటె వేసేటోళ్ళు దగ్గర లేరు. పెద్దబాపు లోపలికి పోయి ఫైబర్ డప్పు పట్టుకొచ్చిండు, సిద్దిపేటల కొన్నడట. దానికి కాక అక్కరలేదు, వానకు తడిసినా మోగుతది. ఫోన్ ముందు పెట్టుకొని సాటింపు దరువు ఒకటి కొట్టి ఆపిండు. వేలితో ఒకసారి తట్టి విన్నడు, మంట మీద కాచినంక తాత విన్నట్టే. 'గట్టిగనే మోగుతది గాని, దీనికి ఇంకొంచెం అని చెప్పేటందుకు లేదు' అని, మళ్ళ మొదటి నుంచి ఎత్తుకున్నడు.